ప్లానుదేముంది సార్, ఊరికే ఇచ్చేస్తాం!

ఇల్లు కట్టుకునేవాడి చుట్టూ ఎంతమంది చేరతారో ఒకసారి లెక్కపెట్టండి. సైటు చూపించిన బ్రోకరు రిజిస్ట్రేషన్ నాడే తన శాతం లెక్కపెట్టుకుని వెళ్లిపోతాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డచోట 'ఇక్కడ వెయ్యండి బోరు' అనే ఆయన, నీళ్లు పడినా పడకపోయినా డబ్బు ముందే తీసుకుంటాడు. వాస్తు పండితుడు నోరు విప్పకముందే తాంబూలంలో వెయ్యి నూట పదహార్లు పడతాయి. శంకుస్థాపన చేయించిన పురోహితుడితో ఎవరూ బేరమాడరు. మేస్త్రి అడ్వాన్సు ముట్టందే తాపీ పట్టడు. ఇక మిగిలింది ఒక్కడు. ఆ ఇంట్లోకి గాలి ఎటునుంచి రావాలో, మెట్లు ఎక్కడ తిరగాలో, ముసలితనంలో రాత్రిపూట బాత్‌రూముకి ఎన్ని అడుగులు వెయ్యాలో ఆలోచించేవాడు. ఐదేళ్లు చదివి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకున్నవాడు. వాడు మాత్రం చేతులు నలుపుకుంటూ అంటాడు: "ప్లానుదేముంది సార్, ఊరికే ఇచ్చేస్తాం. నచ్చితేనే మిగతా మాట."

ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ కోపంలో సగం నా మీదే.

2019 నవంబరు. విజయవాడలో ఒక బిల్డరు ఆఫీసు. అమరావతిలో రాజధాని పనుల క్రేన్లు ఆగి అప్పటికి నెలలు గడిచాయి. దానికితోడు ఇసుక కొరత. నదుల్లో వరద, కాగితాల మీద కొత్త విధానం, సైట్లో మాత్రం బొచ్చెడు ఇసుక లేదు. కరువులో అధికమాసం అంటే ఏమిటో ఆ ఏడాది మా ఊరి అడ్డాల మీద పొద్దున్నే నిలబడి, పదింటికి క్యారేజీ విప్పకుండానే ఇంటికి తిరిగిపోయిన కూలీలని అడగాలి. అలాంటి రోజుల్లో ఆ బిల్డరు గది బయట సోఫాలో ముగ్గురం ఆర్కిటెక్టులం కూర్చున్నాం. ముగ్గురి ఒళ్లోనూ కలర్ ప్రింట్లు. అడిగినవాడు కాణీ ఇవ్వలేదు, గీసినవాళ్లం కాణీ అడగలేదు. ఆ ముగ్గురిలో ఒకడు నా దగ్గర పనిచేసి వెళ్లిన కుర్రాడు. నన్ను చూసి అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. ఇద్దరం ఎదురుగోడ మీదున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాం.

లోపల బిల్డరు చాలా మర్యాదగా మాట్లాడాడు. "మార్కెట్ పడుకుంది కదా ఆర్కిటెక్ట్ గారూ. ముగ్గురివీ బాగున్నాయి. వాళ్లు పదిహేను చెప్పారు. మీరు పన్నెండు చెయ్యండి." అడుగుకి పన్నెండు రూపాయలు. నేను బేరం ఆడాను. కిందికి ఆడాను! పదికి చేస్తానన్నాను. పని నాకే వచ్చింది. వారం తిరక్కుండా ఆయన ఒక కలర్ ప్రింటు పంపించాడు: "ఎలివేషన్ ఇది పెట్టండి." అది ఆ కుర్రాడు గీసింది. పెట్టాను.

ఇప్పుడు లెక్క చూడండి. ఇరవై వేల అడుగుల అపార్టుమెంటు. అడుగుకి పది చొప్పున రెండు లక్షలు. కట్టడానికి అడుగుకి రెండు వేలు వేసుకున్నా నాలుగు కోట్లు. అంటే నా వాటా అర శాతం. ఆ అర శాతంలోనే వర్కింగ్ డ్రాయింగులు, స్ట్రక్చరల్ ఇంజినీరుతో తగవులు, శాంక్షను చుట్టూ ప్రదక్షిణలు, ఏడాదిన్నర సైటు విజిట్లు, ఆఫీసు అద్దె, ఇద్దరు పిల్లల జీతాలు. స్థలం చూపించి చేతులు దులుపుకున్న బ్రోకరు శాతం ఇంతకంటే ఎక్కువ. ఇలాంటి లెక్కతో నడిచే ఆఫీసు గీసిన ప్లానులో ఆలోచన ఎంత ఉంటుంది? పిండి కొద్దీ రొట్టె. కిందటి బిల్డింగు ఫైలు తెరిచి, సైటు కొలతలు మార్చి, పేరు మార్చి పంపించడమే. మన ఊళ్లలో అపార్టుమెంట్లన్నీ ఒకే తల్లి బిడ్డల్లా ఎందుకుంటాయని అడిగేవాళ్లకి జవాబు ఆ పది రూపాయల్లో ఉంది.

మార్కెట్ పడిపోయినప్పుడల్లా మన సంఘాల సభల్లో ఒకటే ఉపన్యాసం. కాలానికి తగ్గట్టు మారాలి, కొత్త రంగాల్లోకి వెళ్లాలి, ఆఫీసు తేలిక చేసుకోవాలి. నేనూ కిందకూర్చుని చప్పట్లు కొట్టాను. తెలుగులో రెండు మాటలున్నాయి: మారడం, సర్దుకుపోవడం. అత్తింట్లో తన్నులు తినే ఆడపిల్లకి పెద్దలు చెప్పేది రెండో మాట. మనం మాంద్యంలో చేసింది కూడా ఆ రెండోదే. దానికి మొదటిదాని పేరు పెట్టుకున్నాం.

నా పాతికేళ్ల ప్రాక్టీసులో చూసినవే చెబుతాను. 2008 సెప్టెంబరులో అమెరికాలో లీమన్ బ్రదర్స్ కూలింది. నాలుగు నెలలు తిరక్కుండా, 2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. హైదరాబాదులో భూమి ధరలు కళ్లు తేలేశాయి. దుబాయ్ వెళ్లిన డ్రాఫ్ట్స్‌మెన్ సూట్‌కేసులతో దిగారు. మనం ఏం చేశాం? ఫీజు తగ్గించి, ఇంటీరియర్స్‌లో దూరాం. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఇంటి ఖర్చులో సగం నోట్ల కట్టల్లో నడిచే ఊళ్లలో, మన ఫీజు కూడా ఆ కట్టల్లోనే ఉండేదని ఆ రాత్రే తెలిసింది. మళ్లీ తగ్గించాం. మరుసటి ఏడాది జీఎస్టీ వచ్చింది. 18 శాతం క్లయింటు ఇవ్వనన్నాడు. ఫీజులోంచే కట్టుకున్నాం. 2019లో ఇందాక చెప్పిన సోఫా. 2020 మార్చిలో లాక్‌డౌన్. ప్రతిసారీ మార్కెట్ లేచింది. ఫీజు ఒక్కసారీ లేవలేదు. ఒకసారి పదికి చేసినవాడిని ఇరవైకి పిలిచే పిచ్చివాడు ఏ బిల్డరూ కాదు. మాంద్యం వచ్చిపోయే వరద. మనం మాత్రం ప్రతి వరదకీ మన గట్టు మనమే తెగ్గొట్టుకున్నాం.

అడుగుకి పది రూపాయలతో, ఒక్కోసారి అదీ లేకుండా, ఆఫీసులు ఎలా నడుస్తున్నాయి? ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు. నేను అడుగుతాను. టైల్స్ షాపు నుంచి నడుస్తున్నాయి. గ్రానైటు, శానిటరీ సామాను, మాడ్యులర్ కిచెను, యూపీవీసీ కిటికీలు, ఫాల్స్ సీలింగు. "నేను చెప్పిన షాపుకి వెళ్లండి సార్, నా పేరు చెప్పండి" అన్న మాటలోంచి నడుస్తున్నాయి. క్లయింటు అక్కడ నా పేరు చెప్పగానే షాపువాడి పుస్తకంలో నా పేరున ఒక గీత పడుతుంది. నెలాఖరున కవరు వస్తుంది. ఊరికే వచ్చిన ప్లాను ధర ఆ టైల్స్ బిల్లులో ఉంటుంది, అదీ వడ్డీతో సహా. ఇంటాయనకి తెలియదు కాబట్టి ఆయన సంతోషంగానే ఉంటాడు. తెలిసిన రోజున మనలో ఏ ఒక్కరినీ నమ్మడు. ఎందుకు నమ్మాలి? ఎవరి పక్షాన నిలబడి ఇటుకలూ సిమెంటూ చూసిపెట్టాలో, వాడి జేబులోంచే, వాడికి చెప్పకుండా తీసుకున్నవాళ్లం. డాక్టరుకీ మందుల కంపెనీకీ మధ్య కమీషను గురించి టీకొట్ల దగ్గర గంటలు గంటలు మాట్లాడతాం. మన కవరు మాట మాత్రం ఎత్తం.

కాగితం మీద మనకి నీతి లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 1972లో ఆర్కిటెక్టుల చట్టం వచ్చింది. 1989లో వృత్తి ప్రవర్తన నిబంధనలు వచ్చాయి. తోటి ఆర్కిటెక్టులతో న్యాయంగా పోటీ పడాలని, కౌన్సిల్ పెట్టిన ఫీజుల పట్టికని నిలబెట్టాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ పట్టికని నిలబెట్టినవాడిని మా ఊళ్లో ఇంతవరకు చూడలేదు. ఆ పుస్తకం మా అందరి ఆఫీసుల్లోనూ పై అరలో, పాత శాంపిల్ టైల్స్ పక్కన ఉంటుంది.

ఇంకో దెబ్బ మనం సరిగ్గా చదువుకోలేదు. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఆర్కిటెక్టు అన్న పేరు మాత్రమే ఈ చట్టం కాపాడుతుంది, ఆ పని చెయ్యకుండా ఇతరులని ఆపదు. అంటే పలక మీద పేరు నాది, పలక కింద పని ఎవరిదైనా కావచ్చు. సరిగ్గా ఎనిమిది రోజులకి దేశమంతా లాక్‌డౌన్ పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు! పని మన గుత్త సొత్తు కాదని చట్టమే చెప్పాక మనకి మిగిలిన ఆస్తి ఒక్కటే, మన మాట మీద నమ్మకం. దాన్నే మనం ఊరికే పంచుతున్నాం.

నమ్మకం అంటే ఏదో గాలి మాట కాదు, దానికి చట్టంలోనే ధర ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఫ్లాటు కొనేవాళ్ల డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉండాలి. పని ఎంత జరిగిందో చూసి ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్ ఇస్తేనే బిల్డరు అందులోంచి తీసుకోవాలి. మార్కెట్ పడుకున్నప్పుడు ఆ బిల్డరు నా దగ్గరికొచ్చి, నాలుగో స్లాబు పడకముందే పడిందని సంతకం పెట్టమంటే? అడుగుకి పది రూపాయల చొప్పున ఆయన దగ్గర ఏడాదిగా బాకీ ఇరుక్కుపోయి ఉన్నవాడు కాదనగలడా? ఆ సంతకం వెనక రిటైర్మెంటు డబ్బు పోసి ఫ్లాటు బుక్ చేసుకున్న మనిషి ఉన్నాడు. ఫీజు తగ్గించుకోవడం మన ఇంటి గొడవ అనుకునేవాళ్లు ఈ ఒక్క కాగితం చూడాలి. కడుపు కాలేవాడి చేతిలో సంతకం పెట్టి, వాడి నిజాయితీ మీద జనం సొమ్ము కాపలా పెట్టాం.

ఇక మన ఆఫీసుల్లో పనిచేసే పిల్లల మాట. మాంద్యం రాగానే మనం మొదట కోసేది వాళ్లనే. 2020 మే నెలలో నేను ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకమ్మాయి మూడేళ్లు నా దగ్గర పనిచేసింది. రెండు నిమిషాల్లో ముగించాను. "సరే సార్, మీరు జాగ్రత్త" అంది. నన్ను! ఇప్పుడు బెంగళూరులో మొబైల్ యాప్‌లకి తెరలు డిజైన్ చేస్తోంది. మెట్ల కింద మిగిలిన జాగాలో ఏం పెట్టొచ్చో నాకంటే బాగా తెలిసిన పిల్ల. తీసేసిన వాళ్ల చోట ఎవరిని పెట్టుకున్నాను? ట్రైనింగ్ కోసం వచ్చిన విద్యార్థులని. స్టైపెండు అడిగితే "నేర్చుకోవడానికి వచ్చావు కదమ్మా" అన్నాను. ఉచితంగా గీసిన ప్లానుని ఎక్కడో ఒకచోట ఉచితంగా గీసేవాడు కావాలి కదా. మన దానగుణం ఖర్చంతా ఇరవై రెండేళ్ల పిల్లల మీద పడుతుంది. దేశంలో ఆర్కిటెక్చర్ కాలేజీలు వందల్లో ఉన్నాయి. ఏటా వేలమంది పిల్లలు ఈ వరసలో నిలబడుతూనే ఉన్నారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? వాళ్లు బయటికొచ్చి ఇంకా తక్కువకి గీస్తారు.

"మరి ఏం చెయ్యమంటావు, ప్రపంచమంతా ఇంతేగా" అంటారు. ఇంతే కాదు.

1930ల అమెరికా చూడండి. మన మాంద్యాలన్నీ కలిపినా దాని ముందు దిగదుడుపే. కట్టడాలు ఆగిపోయాయి, ఆర్కిటెక్టులు రోడ్డున పడ్డారు. 1933 నవంబరులో చార్లెస్ పీటర్సన్ అనే ప్రభుత్వోద్యోగి ఒక నోటు రాశాడు. పనిలేని ఆర్కిటెక్టులు, డ్రాఫ్ట్స్‌మెన్, ఫొటోగ్రాఫర్లు వెయ్యిమందికి జీతమిచ్చి, దేశంలోని పాత కట్టడాలని కొలిపించి గీయించమన్నాడు. మంజూరైంది. ఆ గీతలన్నీ ఇవాళ వాళ్ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. కూలిపోయిన ఇళ్లు కూడా అక్కడ కాగితం మీద నిలబడి ఉన్నాయి. మనకి నాలుగు మాంద్యాలొచ్చాయి. నాలుగుసార్లూ వందల చేతులు ఖాళీగా ఉన్నాయి. అదే కాలంలో గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఒక్కొక్కటే పడగొట్టి, టేకు దూలాలు లారీల్లో అమ్ముకున్నారు. ఎంతమందిమి టేపు పట్టుకుని వెళ్లాం? ఏ ప్రభుత్వానికి ఇలాంటి నోటు రాశాం? ఆ మధ్యాహ్నాలన్నీ బిల్డర్ల సోఫాల్లో గడిచిపోయాయి.

అదే కాలపు ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్. పెద్ద కొమ్ములు తిరిగినవాడు, మాంద్యం మొదట్లో చేతిలో పనిలేక కూర్చున్నాడు. 1936లో హెర్బర్ట్ జేకబ్స్ అనే పత్రికా విలేకరి వచ్చి, నా దగ్గర డబ్బు తక్కువ, మంచి ఇల్లు కావాలన్నాడు. రైట్ ఇల్లు చిన్నది చేశాడు. నేలమాళిగ తీసేశాడు. కారుకి గది బదులు చూరు మాత్రం వేశాడు. వంటగదిని హాల్లోకి తెరిచాడు. మొత్తం ఇల్లు 5,500 డాలర్లలో అయింది. అందులో ఆయన ఫీజు 450 డాలర్లు. అంటే ఎనిమిది శాతం పైమాట! పేదవాడి ఇంట్లో గోడలు తగ్గించాడు, తన ఆలోచన ధర తగ్గించలేదు. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఇంటికి పనికిరాని పిల్లర్లూ ప్యారపెట్లూ గుమ్మటాలూ పెంచుతాం, ఫీజు కోసుకుంటాం.

రైట్‌ని దేవుణ్ణి చెయ్యడం లేదు. ఆ మాంద్యంలోనే, 1932లో, ఆయన శిష్యుల ఆశ్రమం పెట్టాడు. కుర్రాళ్లు ఏడాదికి 650 డాలర్లు ఎదురు కట్టి, ఆయన పొలం దున్ని, వంట చేసి, రాళ్లు మోసి చదువుకున్నారు. మన ఉచిత ట్రైనీల వ్యవస్థకి అంత గొప్ప వంశవృక్షం ఉంది. ఆయన దగ్గర నేర్చుకోవలసింది పక్కనపెట్టి, మానెయ్యవలసింది మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాం.

2009 ప్రాంతంలో అమెరికాలోనే, సియాటిల్‌లో, ఉద్యోగం పోయిన ఒక కుర్ర ఆర్కిటెక్టు కూరగాయల సంతలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. బోర్డు మీద 'ఆర్కిటెక్చర్, ఐదు సెంట్లు' అని రాశాడు. సంతకొచ్చిన వాళ్లు ఆగి వంటింటి గోడ పడగొట్టొచ్చా, మేడ మీద గది వెయ్యొచ్చా అని అడిగేవారు. కొందరు తర్వాత పనులిచ్చారు. జోకులా కనబడుతుంది కానీ ఒకటి గమనించండి. ఐదు సెంట్లయినా సరే, అడిగాడు. బిల్డరు గుమ్మంలో నిలబడలేదు, మామూలు మనుషులు తిరిగే చోటుకి వెళ్లి కూర్చున్నాడు.

ఆ మామూలు మనుషులు మన దగ్గర ఎక్కడున్నారో నాకు 2020 అక్టోబరులో తెలిసింది. గుడివాడ దగ్గర ఒక ఊళ్లో రిటైరైన లెక్కల మాస్టారు. నూట ఇరవై గజాలు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, నలభై ఐదు పొడవు. తూర్పున రోడ్డు, అటూ ఇటూ గోడకి గోడ ఆనించి ఇళ్లు. మేస్త్రి అప్పటికే ముగ్గుపోశాడు. ముందు హాలు, మధ్యలో పడకగది, వెనక ఇంకో పడకగది. "ఏదో మావాడు చెప్పాడు బాబూ, ఒకసారి చూసిపెడతావని" అన్నారు. నేను ముందే చెప్పాను: "రెండు గంటలు కూర్చుంటాను మాస్టారూ, మూడు వేలు తీసుకుంటాను." ఆయన ఒక క్షణం ఆగి, సరేనన్నారు. ఆ ఒక్క క్షణానికి నేను పాతికేళ్లు భయపడ్డాను.

ముగ్గు గీతల మధ్య నిలబడి అడిగాను, "ఈ మధ్యగదికి కిటికీ ఎక్కడ?" మేస్త్రి హాలు వైపు చూపించాడు. "మరి గాలి?" "ఫ్యాను పెట్టుకుంటారు కదండీ." మాస్టారు ఏమీ అనలేదు. మీ చిన్నప్పటి ఇల్లు ఎలా ఉండేదని అడిగాను. మండువా ఉండేదన్నారు. వానొస్తే మధ్యలో నీళ్లు పడుతుంటే చుట్టూ కూర్చుని చూసేవాళ్లమన్నారు. చెప్పుతో ముగ్గు చెరిపి, ఐదడుగులకి ఆరడుగులు ఒక చదరం గీశాను. పైన ఇనుప గ్రిల్లు, కింద నీళ్లు పోయే తూము. ముప్ఫై చదరపు అడుగులు వదిలితే మధ్యగదికీ వంటింటికీ వెలుతురూ గాలీ. తర్వాత వెనక గది. పడమటి గోడ మధ్యాహ్నం నుంచి కాలిపోతుంది. అక్కడున్న ఇటుకల్లో ఎనిమిది తెచ్చి, అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి నేల మీద ఒక వరస పేర్చాను. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ జీవితమంతా కట్టిన ర్యాట్ ట్రాప్ గోడ అదే. ఇటుక నాలుగో వంతు ఆదా, మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి వేడి లోపలికి తొందరగా దిగదు. మేస్త్రి కూర్చుని చూశాడు. ఒక ఇటుక తీసి మళ్లీ పెట్టాడు. "పిల్లర్లుంటాయి కాబట్టి బరువు గొడవ లేదు" అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత తలెత్తి, "ఈ ఖాళీలోంచి కరెంటు పైపు కూడా పోతుంది కదండీ, గోడ కొట్టక్కర్లేదు" అన్నాడు. అది నాకు తట్టలేదు. ఇలాంటి మేస్త్రిని పోటీదారుడని ఇన్నాళ్లు తిట్టుకున్నాను.

వెళ్లేటప్పుడు మాస్టారు తమలపాకులో మూడు వేల నూట పదహార్లు పెట్టి ఇచ్చారు. ఆ నెలలో నాకు హాయిగా నిద్రపట్టనిచ్చిన సంపాదన అదొక్కటే.

ఇలాంటి ఇళ్లు ఎన్ని? అంకెలు అక్కర్లేదు, మీ ఊళ్లో ఏ వీధి మొదట్లోనైనా నిలబడి చివరిదాకా చూడండి. ముక్కాలు మువ్వీసం ముగ్గు మీద పుట్టినవే. తెలంగాణలో 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి 2020 నుంచి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ప్లాను పాస్ చేయించి సంతకం అమ్ముకునే వ్యాపారానికి అది చావుకబురు. సలహా ఇచ్చే వృత్తికి మాత్రం తెరిచిన తలుపు. అనుమతి అక్కర్లేని ఇంటికి కూడా గాలి కావాలి. మార్కెట్ పడుకున్నా పిల్ల పెళ్లికి గది వేసుకునేవాళ్లు, కారే స్లాబు బాగుచేయించుకునేవాళ్లు, మోకాళ్లు అరిగి కింది వాటాలోకి మారేవాళ్లు ఆగరు. పడుకున్నది బిల్డరు మార్కెట్టు. జనం ఇల్లు ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. మనకి అది చిన్నతనం. రెండు గంటలు, మూడు వేలు అని చెప్పడానికి నోరు రాదు. నలభై గంటలు ఊరికే గీసిచ్చి, సోఫాలో కూర్చోవడానికి మాత్రం ఏ నామోషీ లేదు.

ఇంకో మాట, కుర్రవాళ్ల కోసం. ఇప్పుడు ఎలివేషన్ బొమ్మని ఫోన్ అడిగితే ఫోనే గీస్తోంది, నిమిషంలో నాలుగు. ఊరికే ఇచ్చే బొమ్మలో ఇక మనకి పోటీ మనిషి కూడా కాదు. ఆ పందెంలో ఎంత తగ్గినా దానికంటే తగ్గలేం. మిగిలింది ముగ్గు మధ్య నిలబడి 'ఈ గదికి కిటికీ ఎక్కడ' అని అడగడం. దాన్ని అమ్ముకోవాలి.

"పొట్ట మాటేమిటి? ఈఎంఐలు నువ్వు కడతావా?" అని కోప్పడేవాళ్లకి జవాబు చెప్పాలి. ఇరవై ఆరేళ్ల పిల్లవాడు, అద్దె ఇంట్లో ఉండి, ఇంటికి డబ్బు పంపవలసినవాడు, పదికి ఒప్పుకుంటే నేను ఒక్క మాట అనను. సొంత ఇల్లుండి, సొంత ఆఫీసుండి, కారుకి అప్పు తీరిపోయి, కేవలం బల్లలు ఖాళీగా కనబడితే పరువు తక్కువని పదికి దిగినవాళ్లని అంటున్నాను. యాభై దాటినవాళ్లని. ఫలానా రేటుకి కింద ఎవరూ గీయకూడదని ఊళ్లో పదిమంది పెద్ద ఆర్కిటెక్టులు ఒక్కమాట మీద నిలబడితే, కింద నిలబడ్డ పిల్లవాడికి కాలు పెట్టుకునే మెట్టు ఉండేది. ఆ మెట్టు విరగ్గొట్టింది మాంద్యం కాదు, ఆ సోఫాలో కూర్చున్న నేను. ఆ రోజు లేచి నిలబడ్డ కుర్రాణ్ణి చూసి, నేను కూడా లేచి, "పద, టీ తాగుదాం" అని వాణ్ణి బయటికి తీసుకుపోయి ఉండాల్సింది.

కాబట్టి నా మట్టుకు నేను నాలుగు గీతలు గీసుకున్నాను. మొదటి గీతకే ఫీజు. ఒక దశకి డబ్బు ముట్టకపోతే తర్వాతి దశ డ్రాయింగు బయటికి పోదు. షాపువాడి కవరు వస్తే బిల్లులో తగ్గించి ఇంటాయనకే ఇమ్మంటాను. ట్రైనీకి నెల తిరిగేసరికి డబ్బు. ఈ నాలుగూ పెట్టుకున్నాక ఆఫీసు చిన్నదైంది. ఆరు బల్లల చోట మూడున్నాయి. మిగతా చోట మూడు కుర్చీలు వేశాను, ఇళ్లు కట్టుకునేవాళ్లు వచ్చి కూర్చోవడానికి.

మళ్లీ మార్కెట్ పడుకుందంటున్నారు. మొన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. రెండు వందల గజాల సైటు, ఉత్తరం ఫేసింగు. "ఒక ప్లాను గీసి పంపించండి సార్, నచ్చితే మాట్లాడుకుందాం." నేను చెప్పాను, సైటుకొచ్చి రెండు గంటలు కూర్చుంటాను, ఇంత తీసుకుంటానని. అటువైపు కాసేపు మాట లేదు.

"మా పక్కవీధిలో ఒకాయన ఊరికే ఇస్తానన్నారే?"

"మంచివారే, ఆయన దగ్గరే తీసుకోండి. టైల్స్ షాపుకి మాత్రం ఆయన పేరు చెప్పకుండా వెళ్లి ఒకసారి, చెప్పి ఒకసారి రేటు అడగండి."

ఫోన్ పెట్టేశాడు. మూడు రోజుల తర్వాత మళ్లీ చేశాడు. ప్లాను గురించి కాదు. "సార్, మీరు చెప్పినట్టే అడిగాను" అని మొదలుపెట్టి, కాసేపు షాపువాణ్ణి తిట్టి, అప్పుడు అడిగాడు: "ఆదివారం ఎన్నింటికి వస్తారు?"